రోడ్డు మోతకి రాత్రి నిద్ర పాడవుతుంటే నేనేం చేశానంటే

మా పడకగది కిటికీ నేరుగా మెయిన్ రోడ్డు మీదికే. అర్ధరాత్రి లారీ గేరు మారిస్తే మంచం పక్కన గ్లాసులో నీళ్లు వణికేవి. పొద్దున్నే తలనొప్పి, చిరాకు. మెలకువ రాకపోయినా చప్పుడికి గుండె వేగం, బీపీ పెరుగుతాయని తెలిశాక టెన్షన్ ఇంకాస్త. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో యూరప్‌కి ఇచ్చిన మార్గదర్శకాల్లో రాత్రి రోడ్డు చప్పుడు ఇంటి బయట 45 డెసిబుల్స్ లోపే ఉండాలంది!

మందపాటి కర్టెన్లు కొన్నాను, దండగ. తర్వాత తడి చెయ్యి కిటికీ అంచుల వెంట పోనిచ్చా. చల్లగా తగిలిన ప్రతిచోటా సందే. గాలి దూరితే చప్పుడూ దూరుతుంది. రెక్కల చుట్టూ రబ్బరు పట్టీ అంటించి, గోడకీ ఫ్రేముకీ మధ్య సీలెంట్ నింపాను. మంచం లోపలి గోడ వైపు జరిపాను. గాలికి వెనక కిటికీ తెరుస్తున్నాను.

హారన్లు బాగా తగ్గాయి. లారీ గుర్రుమనడం మాత్రం అద్దంలోంచి ఇంకా వస్తూనే ఉంది.