అక్యూటీ స్కోర్ తక్కువ చూపిస్తోంది, సిస్టర్లకి మాత్రం కూర్చునే టైమ్ లేదు: తేడా ఎక్కడ కొడుతోంది?

శ్రీకాకుళంలో మెడికల్ వార్డ్ డ్యూటీలు చేసి చేసి జుట్టు నెరిసినదాన్ని. మొన్న ఆమదాలవలస నుంచి రోజూ అప్ అండ్ డౌన్ చేసే మా జూనియర్ అమ్మాయి ఫోన్ చేసి "అక్కా మా దగ్గర కొత్తగా అక్యూటీ ఫారం పెట్టారు, అది నింపడానికే అరగంట పోతోంది, స్టాఫ్ మాత్రం ఒక్కరు కూడా పెరగలేదు, ఇదేం గోల" అని మొత్తం కోపం నా మీద దింపేసింది. ఆ ఫారం ఎక్కడెక్కడ చెడిపోతుందో, చెడితే ఎలా పట్టుకోవాలో ఆ రోజు తనకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా పెడుతున్నా.

అక్యూటీ అంటే తెలియనివాళ్లకి ఒక్క ముక్క. వార్డులో ఎంతమంది ఉన్నారు అని కాదు, ఉన్నవాళ్లకి ఎంత పని పడుతుంది అని లెక్కెయ్యడం. తనే నడిచి బాత్రూంకి వెళ్లొచ్చే జ్వరం కేసూ, ముక్కులోంచి కడుపులోకి వేసే రైల్స్ ట్యూబూ యూరిన్ బ్యాగూ ఉన్న పక్షవాతం కేసూ సెన్సస్ రిజిస్టర్లో చెరో లైనే, కానీ రెండోదానికి షిఫ్ట్ సగం పోతుంది.

సమస్య 1: ఏ షిఫ్ట్ చూసినా అందరికీ ఒకటే స్కోర్

కారణం చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు, డ్యూటీ దిగే ముందు నిన్నటి కాలమ్ చూసి ఇవాళ్టి కాలమ్ నింపేస్తాం. అన్నిటికంటే ఎక్కువ మోసం జరిగేది రెస్పిరేషన్ దగ్గర. ఏ వార్డుకైనా వెళ్లి కేస్ షీట్లు తిరగేయండి, అందరూ నిమిషానికి 20 సార్లే ఊపిరి పీలుస్తుంటారు! బీపీకి మిషన్ ఉంది, పల్స్‌కీ, రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే సాచురేషన్‌కీ వేలికి పెట్టేది ఉంది, రెస్పిరేషన్‌కి మాత్రం వాచీ చూస్తూ ఒక నిమిషం నిలబడాలి, ఆ నిమిషమే మన దగ్గర ఉండదు.

దానివల్ల ఏమవుతుందో నా చేత్తో నేనే చేసి తెలుసుకున్నా. కొన్నేళ్ల కిందటి మాట, ఆసుపత్రి పేరు అనవసరం. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు నుంచి, కవిటి దగ్గర పల్లె నుంచి వచ్చిన డయాలసిస్ పేషెంట్, యాభై ఏళ్లుంటాయి, ఇంట్లో పెళ్లని ఒక డయాలసిస్ మానేశాడు. రాత్రి 10 గంటల వైటల్స్‌లో (బీపీ, పల్స్, ఊపిరి లాంటి లెక్కలు) రెస్పిరేషన్ 20 అని రాసింది నేనే, లెక్కపెట్టకుండా. రెండు దాటాక వాళ్లావిడ వచ్చి "సిస్టరమ్మా, మా ఓడు పడుకోనేకపోతన్నాడు, రేతిరంతా కూకునే ఉన్నాడు, ఓపాలి సూడమ్మా" అంది. వెళ్లి చూస్తే మంచం పట్టీ పట్టుకుని ముందుకి వంగి కూర్చున్నాడు, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. వాచీ చూసి లెక్కపెడితే 28.

ఇప్పుడు న్యూస్ స్కోర్ వేద్దాం, అంటే నేషనల్ ఎర్లీ వార్నింగ్ స్కోర్, పేషెంట్ దిగజారుతుంటే ముందే పట్టించే లెక్క. ఇది 2012లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ తెచ్చింది, 2017లో మార్చి న్యూస్-2 అన్నారు, పదహారేళ్ల లోపు పిల్లలకీ గర్భిణులకీ ఇది వాడకూడదు. ఊపిరి 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే 3 పాయింట్లు. సాచురేషన్ 93 అంటే 2. పల్స్ 112, ఇంకో 2. బీపీ 170, దానికి సున్నా, ఒళ్లు వేడి లేదు, తెలివిలోనే ఉన్నాడు, ఆక్సిజన్ ఇంకా పెట్టలేదు. మొత్తం 7. ఏడు వచ్చిందంటే ఎమర్జెన్సీ, డాక్టర్ పరిగెత్తుకు రావాల్సిందే. అదే ఊపిరి దగ్గర 20 అని రాసి ఉంటే దానికి సున్నా పడి టోటల్ 4 దగ్గర ఆగిపోయేది, ఎవర్నీ లేపాల్సిన పనే లేదు. మనిషి ఒకడే, మంచం ఒకటే, నా బద్ధకం ఖరీదు మూడు పాయింట్లు.

పరిష్కారం: స్కోరింగ్ డెస్క్ దగ్గర చెయ్యొద్దు, హ్యాండోవర్ (డ్యూటీ అప్పగింత) అప్పుడు దిగేవాళ్లూ ఎక్కేవాళ్లూ ఇద్దరూ బెడ్ దగ్గర నిలబడి చెయ్యండి. వారానికోసారి ఇన్‌ఛార్జ్ సిస్టర్ ఏవో మూడు బెడ్లు ఎంచుకుని ఇద్దరు సిస్టర్లతో విడివిడిగా స్కోర్ వేయించాలి, ఇద్దరికీ తేడా వస్తే ఎవర్నీ తిట్టకుండా ఎక్కడ తేడా వచ్చిందో చూస్తే చాలు. తిట్టడం మొదలెట్టారో, మర్నాటి నుంచి ఇద్దరూ మాట్లాడుకుని మరీ ఒకటే రాస్తారు.

సమస్య 2: న్యూస్ అందరికీ తక్కువే, పని మాత్రం తెమలదు

ఇక్కడ చాలా చోట్ల రెండు వేరే వేరే లెక్కల్ని కలిపేస్తున్నారు. న్యూస్ చెప్పేది పేషెంట్ దిగజారుతున్నాడా లేదా అని, పని ఎంత అని కాదు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ పెద్దాయనకి న్యూస్ సున్నా రావచ్చు, కానీ రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, ట్యూబ్ ఫీడ్ ఇవ్వాలి, బట్ట మార్చాలి, తిప్పకపోతే నాలుగు రోజుల్లో నడుం కింద బెడ్ సోర్ వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లండ్‌లో వాడే సేఫర్ నర్సింగ్ కేర్ టూల్‌లో ఈ చిక్కు కోసమే లెవెల్ 1లో ఎ, బి అని వేరు చేశారు. 1ఎ అంటే ఇప్పుడు సీరియస్‌గా ఉన్నవాడు, దిగజారొచ్చు. 1బి అంటే స్టేబులే, కానీ ప్రతిదానికీ నర్స్ చెయ్యి పడాలి. మామూలు కేసు 0, హెచ్‌డీయూ (వార్డుకీ ఐసీయూకీ మధ్య యూనిట్) స్థాయి 2, ఐసీయూ స్థాయి 3. మీ ఫారంలో 1బి లాంటి గడి లేకపోతే పెన్నుతో అయినా గీసుకోండి, మన జిల్లా వార్డుల్లో సగం బరువు ఆ గడిలోనే ఉంటుంది. ఇక్కడ అటెండెంట్లే తిప్పుతున్నారు, తుడుస్తున్నారు కాబట్టి లెక్కలోకి రాకుండా పోతోందంతే.

సమస్య 3: ఉదయం స్కోర్ సరిగ్గానే ఉంది, మధ్యాహ్నానికి వార్డు మునిగిపోయింది

బెడ్లు 30, పేషెంట్లు 30, రాత్రి పన్నెండుకీ 30 మందే. కానీ పొద్దున 8 డిస్చార్జ్‌లు, సాయంత్రానికి 8 కొత్త అడ్మిషన్లు, అంటే ఆ రోజు వార్డు చూసింది 38 మందిని. డిస్చార్జ్ అంటే మందులు అర్థమయ్యేలా చెప్పాలి, ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం కేసయితే దాని కాగితాలు, అడ్మిషన్ అంటే సెలైన్ ఎక్కించే కాన్యులా, బ్లడ్ శాంపిల్స్, హిస్టరీ. ఇదేదీ స్కోర్‌లోకి రాదు. ఒక వారం పాటు డెస్క్ మీద మామూలు నోట్‌బుక్ పెట్టి వచ్చినవాళ్లకో గీత, వెళ్లినవాళ్లకో గీత, ఫార్మసీకో ల్యాబ్‌కో సిస్టరే పరిగెత్తితే దానికో గీత పెట్టండి. మా దగ్గర మూడో గీతలే ఎక్కువొచ్చాయి, అది చూసి ఫార్మసీకి పంపడానికి ఒక వార్డ్ బాయ్‌ని ఇచ్చారు. అడిగింది సిస్టర్‌ని, ఇచ్చింది వార్డ్ బాయ్‌ని, సర్లే అదీ నయమే.

సమస్య 4: కాగితం మీద నర్సుకి ఎంతమంది పేషెంట్లనే రేషియో బాగుంది, ఫ్లోర్ మీద మనుషులు లేరు

ఇది కాస్త లోతుగా చూడాలి. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నార్మ్స్ ప్రకారం జనరల్ వార్డులో టీచింగ్ ఆసుపత్రికి ముగ్గురికి ఒక నర్సు, మామూలు ఆసుపత్రికి ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఒకరికి ఒకరు, పైన లీవుల కోసం 30 శాతం అదనం. ఆ చివరి 30 శాతాన్నే అందరూ మర్చిపోతారు. షిఫ్ట్‌కి ఐదుగురు ఉండాలి అనుకుంటే మూడు షిఫ్టులకి 15 మంది, మరి నైట్ ఆఫ్‌లు, జ్వరాలు, పెళ్లిళ్లు, మెటర్నిటీ లీవులు? 30 శాతం కలిపితే 20 మంది కావాలి. రోస్టర్లో 15 మందిని చూపించి "షిఫ్ట్‌కి ఐదుగురున్నారు కదా" అంటే ఆ లెక్క మొదటి వారంలోనే తేలిపోతుంది. ఇంకో కనికట్టు ఏంటంటే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌నీ, ట్రైనింగ్ పిల్లల్నీ కలిపి లెక్కేయడం. స్టూడెంట్స్‌ని లెక్కలోంచి తీసెయ్యండి, వాళ్లు నేర్చుకోడానికి వచ్చారు.

కాలిఫోర్నియాలో 1999లో చట్టం చేసి 2004 నుంచి రేషియోలు అమల్లో పెట్టారు, ఐసీయూలో ఇద్దరికి ఒక నర్సు, మెడికల్ సర్జికల్ వార్డులో ముందు ఆరుగురికి, 2005 నుంచి ఐదుగురికి ఒకరు. అక్కడ కూడా ఆ నంబర్ కనీసం మాత్రమే, పేషెంట్ల బరువు పెరిగితే దాని మీద ఇంకా కలపాలి. అందుకే రేషియో ఉంది కదా అక్యూటీ ఎందుకు, అక్యూటీ ఉంది కదా రేషియో ఎందుకు అనే వాదన నాకు నచ్చదు, రెండూ కావాలి. 2002లో పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన స్టడీలో నర్సు మీద ఒక్కో పేషెంట్ పెరిగేకొద్దీ సర్జరీ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున ఎక్కువగా కనిపించింది. మేనేజ్‌మెంట్ మీటింగులో "మాకు కష్టంగా ఉంది సార్" అనే బదులు ఈ ఒక్క లైన్ చెప్పి చూడండి, కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు.

జీతాల సంగతీ ఇక్కడిదే, ఎందుకంటే నేర్చుకున్న అమ్మాయి ఏడాదికే వైజాగో హైదరాబాదో గల్ఫో వెళ్లిపోతే ఏ రేషియో నిలబడదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పిన మీదట వేసిన కమిటీ 50 బెడ్ల లోపు ప్రైవేట్ ఆసుపత్రిలో కూడా నర్సుకి 20,000 తగ్గకూడదని సిఫార్సు చేసింది. మీ పక్క వీధి నర్సింగ్ హోమ్‌లో ఎంతిస్తున్నారో మీకే తెలుసు.

సమస్య 5: ఫోన్ చేస్తే "పొద్దున చూద్దాంలే" అంటున్నారు

మళ్లీ ఆ రాత్రికే వస్తా. నేను మొదట చేసిన ఫోన్ ఇది: "సార్, 14వ బెడ్ అతను కొంచెం బాలేడు సార్." అటు నుంచి "ఏం పర్లేదు, రౌండ్స్‌లో చూద్దాం." తప్పు డాక్టర్‌ది ఒక్కడిదే కాదు, నిద్రలో ఉన్న మనిషికి "కొంచెం బాలేడు" అంటే ఏం అర్థమవుతుంది? అయిదు నిమిషాలాగి మళ్లీ చేశా: "సార్, 14వ బెడ్, డయాలసిస్ పేషెంట్, ఒక సెషన్ మిస్సయ్యాడు. ఊపిరి 28, సాచురేషన్ 93, పల్స్ 112, న్యూస్ 7. కాళ్లు వాచాయి, పడుకోలేకపోతున్నాడు, నీరు ఎక్కేసిందనిపిస్తోంది. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి సార్." పది నిమిషాల్లో వచ్చారు, ఆక్సిజన్ పెట్టించారు, తెల్లారేలోపు డయాలసిస్‌కి పంపారు. దీన్నే ఎస్‌బార్ (SBAR) అంటారు, ఏం జరుగుతోంది, వెనక కథేంటి, నాకేమనిపిస్తోంది, మీరేం చెయ్యాలి, అంతే, నాలుగు ముక్కలు. అమెరికా నేవీ సబ్‌మెరైన్లలోంచి ఆసుపత్రులకి వచ్చిన పద్ధతట. మన పిల్లలు నాలుగో ముక్క దగ్గరే నోరు కట్టేసుకుంటారు, డాక్టర్‌కి మనం చెప్పడమేంటి అని. చెప్పండి. పేషెంట్ తరఫున మాట్లాడ్డం అంటే ఇదే, మీటింగుల్లో చప్పట్లు కొట్టించుకునేది కాదు.

అప్పటికీ రాకపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో వరసగా ఒక కాగితం డెస్క్ మీద అతికించి ఉండాలి, కన్సల్టెంట్, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్), సూపరింటెండెంట్ అని. స్కోర్ 5 వస్తే ఎవరు, 7 వస్తే ఎవరు, ఎన్ని నిమిషాల్లో అని లేని ఫారం చించెయ్యచ్చు. ఎవరికి ఎప్పుడు ఫోన్ చేశారో, వాళ్లేమన్నారో టైమ్‌తో సహా నర్సెస్ నోట్స్‌లో రాయండి, "డాక్టర్‌కి తెలియజేశాం" అని మొక్కుబడిగా కాదు. రేపు గొడవైతే అటెండెంట్లు ముందు పట్టుకునేది సిస్టర్ చెయ్యే.

సమస్య 6: హెల్ప్‌కి పంపిన సిస్టర్ వల్ల పని ఇంకా పెరిగింది

ప్రసూతి వార్డు నుంచి తెచ్చి మెడికల్ వార్డులో పడేస్తే పాపం తనేం చేస్తుంది. పేషెంట్లని పూర్తిగా అప్పగించకండి, వైటల్స్, మందులు అందించడం, అడ్మిషన్ పని ఇలా ముక్కలుగా ఇవ్వండి. ముందు చెప్పాల్సింది ఒకటుంది, మన వైపు మరీ ముఖ్యం. డయాలసిస్ వాళ్లకి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది గుచ్చకూడదు, అది మూసుకుపోతే ఆ మనిషి ప్రాణం దారి మూసుకుపోయినట్టే. ఒకసారి హెల్ప్‌కి వచ్చినమ్మాయి తెలియక ఆ చేతికే పట్టీ చుట్టబోతుంటే పేషెంటే "ఈ చెయ్యి వొద్దమ్మా" అని లాక్కున్నాడు. ఆయన ఆ టైమ్‌కి నిద్రలో ఉంటే? అప్పట్నుంచి మా వార్డులో ఆ చేతి మణికట్టుకి తెల్ల ప్లాస్టర్ చుట్టి దాని మీద ఎర్ర స్కెచ్‌తో "ఈ చెయ్యి వద్దు" అని రాస్తున్నాం, ప్లాస్టర్ గట్టిగా బిగించకుండా, వదులుగా.