పిల్లలకు యూరిన్ రిఫ్లక్స్ అని తేలితే తల్లిదండ్రులు ఏం చేయాలి?

మూత్రాశయంలోకి దిగిన మూత్రం బయటికి పోవాలి. కొంతమంది పిల్లల్లో అది తిరిగి కిడ్నీ వైపు ఎగదన్నుతుంది. దాన్నే రిఫ్లక్స్ అంటారు, రిపోర్టులో వి.యు.ఆర్. అని రాస్తారు. మన గోదావరి డెల్టాలో పోటు వేళ సముద్రపు నీరు మురుగుకాలువల్లోకి ఎక్కకుండా తలుపులు ఉంటాయి కదా, కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం మూత్రాశయం గోడలోంచి ఏటవాలుగా దూరే చోట శరీరంలోనూ అలాంటి ఏర్పాటే ఉంటుంది. గోడలోని ఆ దారి పుట్టుకతోనే పొట్టిగా ఉంటే తలుపు సరిగ్గా పడదు. కడుపుతో ఉన్నప్పుడు తల్లి తిన్నదాని వల్లో, గ్రహణం చూడటం వల్లో వచ్చే జబ్బు కాదిది. ఆ మాట ఇంట్లో పెద్దవాళ్లకు మొదటిరోజే చెప్పండి, నెపం కోడలి మీదికి పోకుండా.

మా పాపకు గ్రేడ్ 3 అన్నప్పుడు ఇంటిల్లిపాదికీ ఒకటే టెన్షన్: ఆపరేషన్ చేయించాలా అని. చాలామంది పిల్లల విషయంలో అది అప్పటికప్పుడు తేల్చాల్సిన సంగతి కాదు. మూత్రంలోని ఇన్ఫెక్షన్ కిడ్నీదాకా ఎక్కితే అక్కడ మచ్చ పడొచ్చు కాబట్టి, జ్వరం వచ్చిన మొదటిరోజు మనం ఏం చేస్తామన్నది కిడ్నీకి అంతకన్నా ముఖ్యం.

ముందు మూడు సంగతులు రాయించుకోండి

గ్రేడ్ ఎంత, ఒకవైపా రెండువైపులా, కిడ్నీలో మచ్చ పడిందా. గ్రేడ్లు 1 నుంచి 5 దాకా ఉంటాయి, అంకె పెరిగేకొద్దీ రిఫ్లక్స్ ఎక్కువన్నమాట. సన్నని గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్స్‌రేలో కనిపించే మందు ఎక్కించి, పిల్లలు మూత్రం పోస్తుండగా ఎక్స్‌రేలు తీసే ఎం.సి.యు. పరీక్షలో గ్రేడ్ తెలుస్తుంది. మామూలు స్కానింగ్ బాగుంది కాబట్టి రిఫ్లక్స్ లేదని అనుకోవడానికి వీల్లేదు. మాట తెలిసిన పిల్లలైతే ఏం చేస్తారో ముందురోజే వాళ్ల భాషలో చెప్పండి. ‘ఏమీ చెయ్యరమ్మా’ అని తీసుకెళ్తే మళ్లీ ఏ ఆసుపత్రి గడపా తొక్కరు.

మచ్చల సంగతి తేల్చేది డి.ఎం.ఎస్.ఎ. స్కాన్. న్యూక్లియర్ మెడిసిన్ విభాగం ఉన్న పెద్ద ఆసుపత్రుల్లోనే తీస్తారు. ఇన్ఫెక్షన్ తగ్గాక 4 నుంచి 6 నెలలు ఆగి తీస్తే శాశ్వతంగా మిగిలిన మచ్చ ఏదో తెలుస్తుంది.

జ్వరం వస్తే ఈ వరస తప్పొద్దు

‘వేడి చేసిందిలే’ అని సబ్జా నీళ్లు పట్టి రెండు రోజులు చూడటం ఒక ప్రమాదం. కంగారుపడి ఊళ్లోనే యాంటీబయాటిక్ సూది వేయించేయడం ఇంకో ప్రమాదం. సూది పడ్డాక తీసిన మూత్రంలో క్రిములు పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో కల్చర్ (ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష) చెప్పలేదు. అందుకని ముందు మూత్రం తీయించండి, వెంటనే డాక్టరు రాసిన మందు మొదలుపెట్టండి. కల్చర్ రిపోర్టుకు రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటిదాకా మందు ఆపి కూర్చోకూడదు.

మూత్రం పట్టేది ల్యాబ్ ఇచ్చిన స్టెరైల్ డబ్బాలోనే. ముందు మంచినీళ్లతో కడగండి, డెట్టాల్ అక్కర్లేదు. మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలి. చంటిపిల్లలకు అంటించే సంచిలో పట్టిన మూత్రం కల్చర్‌కు నమ్మదగింది కాదు, చర్మం మీది క్రిములు కలిసిపోతాయి. డాక్టరు గొట్టంతో తీస్తామంటే వద్దనకండి.

శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి. లంకల్లో, సముద్రం ఒడ్డు ఊళ్లలో ఉండేవాళ్లు అమలాపురమో నరసాపురమో చేరేసరికే గంట దాటొచ్చు. ల్యాబ్ దగ్గరే తీయించడం మేలు. కుదరకపోతే మూత బిగించి ఐసులో పెట్టి తీసుకెళ్లండి. జూలై, ఆగస్టుల్లో గోదావరి వరదకు కాజ్‌వేలు మునుగుతాయి కాబట్టి ఆ నెలల్లో రోజువారీ మందు, థర్మామీటరు, ఖాళీ స్టెరైల్ డబ్బాలు ఇంట్లో ముందే ఉంచుకోండి.

జ్వరానికి పారాసిటమాల్ చాలు, అదీ బిడ్డ బరువును బట్టి. ఐబూప్రోఫెన్ డాక్టరును అడగకుండా ఇవ్వొద్దు, కిడ్నీకి భారం. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, ఏ వయసు పిల్లలైనా తాగింది తాగినట్టు కక్కుతున్నా, మగతగా పడివున్నా అది ఇంట్లో చూసుకునే పని కాదు. 108కి ఫోన్ చేయండి.

రోజూ ఇచ్చే యాంటీబయాటిక్

‘నెలల తరబడి యాంటీబయాటిక్ ఏంటండీ’ అని ప్రతి బంధువూ అడుగుతారు. ఇది జబ్బు తగ్గించే పెద్ద మోతాదు కాదు, ఇన్ఫెక్షన్ రాకుండా రోజుకు ఒకసారి ఇచ్చే చిన్న మోతాదు. మూత్రం ఎక్కువసేపు నిలిచేది రాత్రే కాబట్టి సాధారణంగా పడుకునే ముందు ఇమ్మంటారు. అమెరికాలో 607 మంది పిల్లల మీద చేసి 2014లో ప్రచురించిన పరిశోధనలో ఈ మందు మళ్లీ వచ్చే ఇన్ఫెక్షన్లను దాదాపు సగానికి తగ్గించింది. మచ్చలు పడటంలో మాత్రం తేడా కనిపించలేదు. మందు వాడిన పిల్లలకు ఇన్ఫెక్షన్ వస్తే, అది మందుకు లొంగని క్రిమి వల్ల రావడం ఎక్కువైంది. ఈ మంచిచెడ్డలు రెండూ డాక్టరు ముందు పెట్టి, మా బిడ్డకు ఎందుకు, ఎన్నాళ్లు అని అడగండి. మీ కుటుంబంలో జి6పి.డి. లోపం (కొన్ని మందులకు ఎర్రరక్తకణాలు పగిలిపోయే పుట్టుక లోపం) ఉంటే తప్పక చెప్పండి, కొన్ని మందులు వాళ్లకు పడవు.

మలబద్ధకాన్ని వదలకండి

నా దృష్టిలో ఇళ్లలో అందరూ చిన్నచూపు చూసేది ఇదే. పేగులో మలం గట్టిపడితే మూత్రాశయం సరిగ్గా ఖాళీ కాదు, ఇన్ఫెక్షన్ మళ్లీ వస్తుంది. అన్నం బదులు సీసాల కొద్దీ పాలు పట్టడం తగ్గించి తోటకూర, బచ్చలి, జామకాయ పెట్టండి, నీళ్లు బాగా తాగించండి. అయినా కదలకపోతే డాక్టరు రాసే విరేచనం మందు వాడటానికి భయపడొద్దు. కొబ్బరి బోండాం నీళ్ల లెక్కలో మంచిదే గాని రిఫ్లక్స్‌కు మందు కాదు. కిడ్నీ పనితీరు ఇప్పటికే తగ్గిన పిల్లలకు అందులోని పొటాషియం మంచిది కాదు, అడిగి ఇవ్వండి.

బడిలో బాత్రూం బాగాలేక ఆడపిల్లలు సాయంత్రం దాకా ఉగ్గబట్టుకుంటారు. టీచరుగారిని స్వయంగా కలిసి, రెండు మూడు గంటలకోసారి పంపమని చెప్పండి, డాక్టరు చీటీ ఉంటే మాట చెల్లుతుంది.

ఆపరేషన్ గురించి నిర్ణయం

గ్రేడ్ 1, 2 అయితే ఎక్కువమందికి ఎదిగేకొద్దీ దానంతటదే తగ్గుతుంది. 4, 5 అయితే ఆ అవకాశం బాగా తక్కువ. రోజూ మందు వేస్తున్నా జ్వరంతో ఇన్ఫెక్షన్లు వస్తుంటే, కొత్త మచ్చలు పడుతుంటే ఆపరేషన్ మాట వస్తుంది. దారులు రెండు. మూత్రమార్గం గుండా కెమెరా పంపి నాళం మూత్రాశయంలోకి తెరుచుకునే చోట జెల్ ఎక్కించడం ఒకటి. కోత ఉండదు, చాలావరకు అదేరోజు ఇంటికి పంపుతారు, కాకపోతే కొందరికి రెండోసారి చేయాల్సి వస్తుంది, పెద్ద గ్రేడ్లలో ఫలితం తక్కువ. నాళాన్ని తీసి గోడలో పొడవైన దారి చేసి మళ్లీ కుట్టడం రెండోది. నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉండాలి, మొదట్లో మూత్రంలో రక్తం కనిపించి హడలగొడుతుంది.

పిల్లల యూరాలజీ సర్జన్‌నే కలవండి. ఈ ఆపరేషన్ ఏడాదికి ఎన్ని చేస్తారో అడగండి, మొహమాటం వద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే అడ్మిషన్‌కు ముందే ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో ఆ ఆపరేషన్ వర్తిస్తుందో లేదో కనుక్కోండి.

మచ్చ ఉన్న పిల్లలకు రిఫ్లక్స్ తగ్గాక కూడా కనీసం ఏడాదికోసారి బీపీ, మూత్రంలో ప్రోటీన్ చూపించాలి. ఇది కుటుంబాల్లో నడిచే సమస్య కాబట్టి తమ్ముడికో చెల్లికో కారణం తెలియని జ్వరం వస్తే, డాక్టరుకు ఈ సంగతి మీరే చెప్పి మూత్రపరీక్ష చేయించండి.