గుర్రపు వైద్యం – 6వ పాఠం: కడుపులో పుండును కంటితో చూడటం

శూలనొప్పి వచ్చిన గుర్రానికి నాడి, పేగుల చప్పుడు ఎలా చూడాలో గత పాఠంలో నేర్చుకున్నాం. అవన్నీ బాగానే ఉండి కూడా దాణా తిన్న కాసేపటికే ముందుకాలితో నేల గీరే గుర్రాల సంగతి ఈ వారం.

గుర్రం ఒళ్లు పెద్దదే గానీ కడుపు చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుంది. అందులో ఆమ్లం తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది. దాన్ని విరిచే లాలాజలం మాత్రం నమిలినప్పుడే ఊరుతుంది. గడ్డిని నమిలినంత సేపు దాణాను నమలదు. బకెట్టెడు దాణా పోసి, గుప్పెడు గడ్డి విదిలించి, రోజంతా లాయంలో కట్టేసేవారు పుండును చేతులారా పెంచుతున్నట్టే. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ జబ్బు ఉండటానికి ఇదో ముఖ్య కారణం.

కడుపు పైభాగానికి జిగురు పొర రక్షణ లేదు, కింది భాగానికి ఉంది. రెంటి మధ్య మడతలా ఒక సరిహద్దు కనిపిస్తుంది. పరుగులో పొట్ట బిగుసుకుని ఆమ్లం ఈ సరిహద్దు దాటి పైకి చిమ్ముతుంది. అందుకే ఖాళీ కడుపుతో పరిగెత్తించకూడదు, ముందుగా కాస్త తరిగిన లూసర్న్ గడ్డి పెట్టాలి.

దాణా వదిలేసి గడ్డి మాత్రమే తినడం, జీను పట్టీ బిగిస్తుంటే కరవబోవడం, చిక్కిపోవడం, వెంట్రుకల నిగారింపు పోవడం అనుమానానికి చాలు, నిర్ధారణకు చాలవు. పేడలో రక్తం కోసం చేసే పరీక్షనూ నమ్మలేం. ఎండోస్కోపీ, అంటే కొనకు కెమెరా ఉన్న గొట్టంతో లోపల చూడటం, ఒక్కటే దారి.

గొట్టం సుమారు 3 మీటర్లు ఉండాలి. మేత దాదాపు 16 గంటలు ఆపాలి, నీళ్లు కొన్ని గంటల ముందు తీసేయాలి. ఆకలేసిన గుర్రం కింద పరిచిన గడ్డినే తినేస్తుంది కాబట్టి మూతికి చిక్కం వేయమని సాయీసుకు (గుర్రాన్ని చూసుకునే మనిషికి) గట్టిగా చెప్పండి. జైలజీన్ లాంటి మత్తుమందు ఇచ్చాక గొట్టాన్ని ముక్కు రంధ్రంలోంచి పంపి, గుర్రం మింగే క్షణంలో ముందుకు తోయాలి. కడుపులో గాలి నింపితే ముడతలు విచ్చుకుంటాయి. అంటుకున్న మేతను నీళ్లతో కడిగేయాలి, పుండ్లు దాని కిందే దాక్కుంటాయి.

కొత్తవాళ్లు సరిహద్దు దగ్గర ఒక పుండు కనిపించగానే తృప్తిపడి గొట్టం వెనక్కి లాగేస్తారు. అలా ఆగకండి. కడుపు అడుగు వెంట వెళ్లి, పేగులోకి తెరుచుకునే పైలోరస్ దాకా చూడాలి. కింది భాగపు పుండ్లు ఎక్కువగా అక్కడే ఉంటాయి. చూడటం అయ్యాక నింపిన గాలిని తీసేయాలి.

పైభాగపు పుండ్లకు 0 నుంచి 4 వరకు గ్రేడులు ఉన్నాయి: పొర చెక్కుచెదరకపోతే 0, పసుపుగా మందమైతే లేదా ఎర్రబడితే 1, చిన్న పుండ్లుంటే 2, పెద్దవి లేదా విస్తరించినవైతే 3, విస్తరించి లోతుగా దిగితే 4. కింది భాగానికి ఈ అంకెలు వాడరు. ఎక్కడుంది, ఉబ్బిందా, గుంటపడిందా, రక్తం కారుతోందా అన్నది మాటల్లో రాయాలి.

మందు వైద్యుడే నిర్ణయించాలి. పైభాగపు పుండ్లకు సాధారణంగా ఆమ్లం ఊరడాన్ని తగ్గించే ఒమెప్రజోల్ కిలో బరువుకు 4 మిల్లీగ్రాముల చొప్పున రోజుకొకసారి, 28 రోజులు, ఉదయం ఖాళీ కడుపున ఇస్తారు. గుళికల పూత పోయేలా నూరితే ఆమ్లానికి మందే చెడిపోతుంది. మందు ఆపే ముందు మళ్లీ గొట్టం వేసి చూడాలి.

అభ్యాసం: 450 కిలోల ఆడగుర్రం. కుంటికి ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు వాడుతున్నారు. కడుపు పైభాగం నున్నగా, తెల్లగా ఉంది. పైలోరస్ చుట్టూ ఎర్రగా ఉబ్బింది. నివేదికలో ఏమని రాస్తారు? జవాబు, పుండు మీద పూతలా పనిచేసే సుక్రాల్ఫేట్ మందు వాడకం వచ్చే పాఠంలో.