తప్పు ఒప్పుకునే నవల రాయాలనుకునే బరంపురం వాళ్ళకి

తన బతుకు తానే తగలబెట్టుకుని, పక్కవాళ్ళనీ కాల్చినవాడి కథని "నేను" అంటూ మొదలుపెట్టడం తేలికే. ముప్పై పేజీలు దాటేసరికి అది సంజాయిషీ అయిపోతుంది.

రెండు వందల పేజీల నోటుబుక్కు కొనండి. ఎడమ పేజీలో "నేను" చెప్పేది రాయాలి. కుడి పేజీలో అదే రోజు అతని భార్య చూసింది, మూడు నాలుగు వాక్యాల్లో. కుడి పేజీ నవల్లోకి రాదు. కానీ అది ఖాళీగా మిగిలిందంటే ఎడమ పేజీవాడు దబాయిస్తున్నాడనే లెక్క. జపాన్ రచయిత దజాయ్ 1948 నవల 'నో లాంగర్ హ్యూమన్'లో కథానాయకుడు మూడు నోటుబుక్కుల నిండా తనని తాను తీసిపారేసుకుంటాడు. చివర్లో బార్ నడిపే ఆమె, అతను దేవదూతలాంటి మంచి కుర్రాడంటుంది. అంతవరకూ చదివిందంతా అనుమానంలో పడుతుంది.

"నేను పాపిని, ఆమె బతుకు నాశనం చేశాను" అని రాస్తే అది బిరుదు తగిలించుకోవడమే. ఇలా రాయండి: "చీరలకి కుచ్చులు కట్టి ఆమె దాచుకున్న పన్నెండు వందలూ పోపుల డబ్బాలోంచి తీశాను. మూత మళ్ళీ గట్టిగా నొక్కాను." అక్కడ ఆగిపోవాలి. "కళ్ళు చెమర్చాయి" అని చేర్చారా, డబ్బు పోయింది ఆమెకి, జాలి దక్కింది మీకు.

తాగుడు, చావు ప్రయత్నం వస్తే ఎలా చేశాడో, ఎంత మింగాడో రాయొద్దు. మర్నాడు ఆసుపత్రి వరండాలో ఎవరు కూర్చున్నారో రాయండి.

భాష దగ్గర మొహమాటం అక్కర్లేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవాడే. ఫోన్లో సేటుకి ఒడియాలో "హఉ, హఉ" అని, పెట్టేసి భార్య మీద తెలుగులో అరిచేవాణ్ణి అలాగే రాయండి. అర్థాల పట్టిక వద్దు.

నిజం మనుషుల్ని రాస్తూ పేరొక్కటి మారిస్తే ఎవరూ మోసపోరు. ఇంటిపేరు, వీధి, వృత్తి, ఎవరి కొడుకు, ఈ నాలుగింటిలో మూడైనా మారాలి. మన ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, రెండేళ్ళకోసారే కాబట్టి ఆ సన్నివేశం పెడితే ఏ సంవత్సరమో ఊరంతా లెక్కగట్టేస్తుంది. దాని బదులు గోపాల్‌పూర్ బీచిలో ఏదో ఒక ఆదివారం చాలు.

రాత పూర్తయ్యాక ఆరు వారాలు ముట్టుకోకండి. తర్వాత అచ్చుకి ముందే, ఆ భార్య పాత్రకి మూలమైన ఆమెకి చూపించాలి. ఏదైనా సన్నివేశం వద్దంటే మెత్తబరచకండి, మొత్తం తీసేసి, తర్వాతి అధ్యాయాల్లో దాని ప్రస్తావన మిగిలిందేమో వెతకండి. ఎక్కువగా సంభాషణల్లో దాక్కుంటుంది.