కత్తెర పట్టిన చేతికి టెన్నిస్ ఎల్బో: నాకు తగ్గిన తీరు

బత్తాయి కోత అయ్యాక ఎండుపుల్లలు, నీటి కొమ్మలు తీసే పని ఉంటుంది కదా, మా తోట నల్లగొండ దగ్గరే, పొద్దంతా కత్తెర నొక్కీ నొక్కీ కుడి మోచేతి బయటివైపు ఎముక దగ్గర సలుపు పట్టుకుంది. చాయ్ గ్లాసు లేపినా, తువ్వాల పిండినా జివ్వుమనేది. ఎముక అరిగిందేమోనని ఇంట్లో ఒకటే టెన్షన్.

ఫిజియోథెరపిస్ట్ అరచేయి కిందికి పెట్టించి, మణికట్టు పైకి లేపమని, పైనుంచి అదిమాడు. ప్రాణం పోయినంత పనైంది! మణికట్టును వెనక్కి వంచే కండరాలు ముంజేతి వెనకవైపు ఉంటాయి, వాటి మొదలు ఆ ఎముకకే అతుక్కుని ఉంటుంది, మనం ఏది గట్టిగా పట్టుకున్నా మణికట్టు ముందుకు వాలకుండా అవే బిగబట్టి ఉంచుతాయి. టెన్నిస్ ఎల్బో అంటారు గానీ రాకెట్ ముట్టని వాళ్లకే ఎక్కువ వస్తుందట.

నాకు పనిచేసింది బాటిల్ కసరత్తు. అరచేయి కిందికి ఉండేలా ముంజేయి బల్ల మీద ఆనించి, మణికట్టు బల్ల అంచు బయటికి పెట్టి, అర లీటరు నీళ్ల బాటిల్‌ను ఎడమ చేత్తో సాయం పట్టి పైకి లేపి, కుడి చేత్తో మెల్లగా, చాలా మెల్లగా దించాలి. కాస్త నొప్పి ఉంటుంది, తట్టుకునేంతే చేయాలి. ముంజేతిలో గట్టిపడ్డ చోట బొటనవేలితో నొక్కితే ఆ పూటకు హాయి, అంతే. నెలలు పట్టింది. కత్తెరకు సాన పట్టించాను, బకెట్ అరచేయి పైకి ఉండేలా ఎత్తుతున్నాను.

చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంటే మాత్రం అది నరం సంగతి కావచ్చు, డాక్టర్‌కు చూపించండి.