త్రో-ఇన్‌కి ఆఫ్‌సైడ్ లేదు, వాడుకోండి

ఫుట్‌బాల్‌లో బంతి పక్కగీత దాటగానే మన కుర్రాళ్లు పక్కనున్నవాడికి విసిరేసి చేతులు దులుపుకుంటారు. ఇలా బంతిని చేత్తో లోపలికి విసరడమే త్రో-ఇన్. దాన్ని నేరుగా అందుకునేవాడికి ఆఫ్‌సైడ్, అంటే డిఫెండర్లని దాటి ముందే గోల్ దగ్గర కాచుకుని బంతి అందుకోకూడదనే రూలు, వర్తించదు. కాబట్టి ఒకడు ముందే డిఫెండర్ల వెనక్కి వెళ్లి నిలబడొచ్చు. గోల్ కిక్‌కీ (తన గోల్ ముందు నుంచి బంతిని తన్ని ఆట మళ్లీ మొదలెట్టడం), కార్నర్‌కీ (మైదానం మూల నుంచి తన్నడం) ఇదే వెసులుబాటు.

కాకపోతే విసరడం సరిగ్గా ఉండాలి. రెండు చేతులతో, తల వెనక నుంచి తల మీదుగా. రెండు పాదాలూ గీత మీదో, గీత బయటో నేలకి ఆనుకునే ఉండాలి, మడమ లేచినా పర్లేదు. ఊపులో వెనక కాలు పూర్తిగా లేచిందా, త్రో అవతలి జట్టుకి పోతుంది. మా మైదానంలో సగం గొడవలు ఈ కాలు దగ్గరే! ఎదుటివాడు కనీసం 2 మీటర్ల దూరంలో ఉండాలి, మీదకొస్తుంటే రిఫరీకి చెప్పండి. విసిరిన బంతి ఎవరికీ తగలకుండా అవతలి గోల్‌లో పడినా గోల్ ఇవ్వరు, వాళ్లకి గోల్ కిక్ ఇస్తారు.

అన్నట్టు గోల్ కిక్ రూలు 2019లో మారింది. బంతి పెనాల్టీ ఏరియా (గోల్ ముందు గీసిన పెద్ద పెట్టె) దాటక్కర్లేదు. తన్నగానే కదిలితే చాలు, లోపలున్న మనవాడే అందుకోవచ్చు. పాత అలవాటు కొద్దీ కొందరు ఇంకా విజిల్ ఊదేస్తుంటారు.