జపాన్ పరిచర్యకి వెళ్తున్నారా? ముందు సూట్‌కేసు ఒకసారి విప్పండి

మా చర్చి సంఘం నుంచి ఏడుగురం పరిచర్యకి, అంటే సువార్త పనికి, పన్నెండు రోజులకి జపాన్ వెళ్లొచ్చాం, టోక్యోకి గంటన్నర దూరంలో ఒక చిన్న సంఘానికి. ఇప్పుడు వేరే టీమ్‌ల వాళ్లు కూడా జులై, ఆగస్టుల్లో వెళ్తున్నామని ఫోన్ చేసి అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నా. అక్కడ మనకి జరిగే ప్రమాదం తక్కువే. దొంగల భయం పెద్దగా ఉండదు, దారి తప్పితే ఎవరో ఒకరు స్టేషన్ దాకా నడిచి మరీ దింపుతారు. ప్రమాదమంతా మనల్ని పిలిచిన సంఘానికి. మనం పన్నెండో రోజు విమానం ఎక్కేస్తాం, ఆ పాస్టర్ గారు మాత్రం అదే వీధిలో ఉండాలి.

ఈ సంగతి మాకెలా తెలిసిందంటే, రెండో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి చర్చి పై అంతస్తులో ప్రార్థనకి కూర్చున్నాం. మన ప్రార్థన సంగతి తెలుసుగా, ఒకరు మెల్లగా మొదలుపెడతారు, పది నిమిషాలు తిరిగేసరికి అందరి గొంతులూ లేస్తాయి, చప్పట్లు, కన్నీళ్లు, హల్లెలూయలు. కిటికీలు తెరిచే ఉన్నాయి. చర్చి గోడకీ పక్కింటి గోడకీ మధ్య సందులో మనిషి పక్కకి తిరిగితే తప్ప పట్టడు. ఎవరూ వచ్చి తలుపు కొట్టలేదు, ఎవరూ అరవలేదు, మేం బ్రహ్మాండంగా జరిగిందనుకుని పడుకున్నాం. మర్నాడు పొద్దున కిందికి చూస్తే పాస్టర్ గారు, డెబ్బై దాటిన మనిషి, ఆ ఉక్కపోతలో కోటు వేసుకుని, కాగితం చుట్టిన స్వీట్ డబ్బాలు సంచిలో పెట్టుకుని ఒక్కో గుమ్మం ముందు ఆగి నడుం దాకా వంగుతున్నారు. ఆరు ఇళ్లు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, టిఫిన్ దగ్గర బాగా నిద్రపట్టిందా అని అడిగారు. మా గోలకి క్షమాపణ అడగడానికి వెళ్లారని మధ్యాహ్నం మాకు తర్జుమా చేసే సిస్టర్ చెప్పింది. ఆ పూట ఎవరికీ ముద్ద దిగలేదు.

అందుకే చీకటి పడ్డాక ప్రార్థన లోగొంతుకతో, కిటికీలు వేసుకుని చేసుకోండి. దేవుడికి వినపడుతుంది.

మతం పేరెత్తితే వాళ్లు ఎందుకంత జంకుతారో కూడా తెలుసుకుని వెళ్లాలి. పాత చరిత్ర ఉంది: 1549లో ఫ్రాన్సిస్ జేవియర్ అనే కాథలిక్ మిషనరీ కగోషిమాలో దిగాడు, 1597లో నాగసాకిలో 26 మంది క్రైస్తవుల్ని సిలువ వేశారు, వాళ్లలో ఒకడు మన ముంబై పక్కనున్న వసాయిలో పుట్టిన గొన్సాలో గార్సియా. 1614లో దేశమంతా క్రైస్తవ మతం మీద నిషేధం పెట్టారు, అది సడలింది 1873లోనే. కానీ ఇవాళ్టి జంకుకి కారణం అంత పాతది కాదు. 1995 మార్చిలో ఓమ్ షిన్రిక్యో అనే మత గుంపు టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు వదిలింది. 2022లో మాజీ ప్రధాని షింజో అబేని కాల్చినవాడు, మా అమ్మ యూనిఫికేషన్ చర్చికి (కొరియాలో పుట్టిన ఒక మత సంస్థ) కానుకలిచ్చి ఇల్లు గుల్ల చేసిందని, అబేకి ఆ చర్చితో సంబంధం ఉందనుకున్నానని చెప్పాడు. ఇవన్నీ చూసినవాళ్ల దగ్గరికి ఊరూ పేరూ తెలియని విదేశీయుడు నవ్వుతూ వచ్చి మా కూటానికి రండి అంటే ఏమనుకుంటారు? కాబట్టి వేదిక మీద కానుకల మాట ఎత్తొద్దు. ఇస్తే దేవుడు రెట్టింపు ఇస్తాడు లాంటి మాట సరదాకి కూడా వద్దు. తల్లిదండ్రులు పక్కన లేకుండా పిల్లలతో మతం మాట్లాడటం, ఫొటోలు తీయడం, ఫోన్ నంబర్లు అడగడం అసలు వద్దు.

అభిషేక తైలం, అంటే ప్రార్థన చేసి పూసే నూనె, సీసాలో తీసుకెళ్లేవాళ్లకి విడిగా చెప్పాలి. 2015లో అక్కడి బౌద్ధ గుళ్లలో, షింటో ఆలయాల్లో స్తంభాల మీద, నేల మీద నూనె మరకలు కనపడి పెద్ద గొడవైంది. క్రైస్తవ గుంపు నడిపే ఒకతని మీద పోలీసులు అరెస్ట్ వారెంట్ తీశారు, అతను అప్పటికి అమెరికాలో ఉంటున్నాడు. అవి వందల ఏళ్ల నాటి చెక్క కట్టడాలు, నూనె ఇంకితే పోదు. గుడి చూపించడానికి మిమ్మల్ని తీసుకెళ్తే మర్యాదగా చూసి రండి, అక్కడ చేతులు చాపి దురాత్మల్ని బంధించే ప్రార్థనలు మొదలుపెట్టకండి.

కరపత్రాలు పంచాలనుంటే ఎక్కడ, ఎన్ని, ఎవరితో కలిసి అనేది స్థానిక పాస్టర్ గారే చెప్పాలి. రోడ్డు మీద పంచడానికి చాలాచోట్ల పోలీసుల అనుమతి కావాలి. చాలా అపార్ట్‌మెంట్ల పోస్టు డబ్బాల దగ్గర కాగితాలు వేయొద్దని బోర్డు ఉంటుంది, అది దాటి లోపలికెళ్తే అక్రమ ప్రవేశం కింద ఫిర్యాదు చేయొచ్చు. పాస్‌పోర్టు ఎప్పుడూ జేబులోనే ఉండాలి, అది చట్టం, గదిలో భద్రంగా ఉంది సార్ అంటే కుదరదు.

ఇక సాక్ష్యం, అంటే దేవుడు మన జీవితాన్ని ఎలా మార్చాడో కూటంలో చెప్పడం గురించి. మీకు ఇరవై నిమిషాలు ఇస్తే అందులో పది తర్జుమాకే పోతాయి, కాబట్టి ఎనిమిది నిమిషాలకి రాసుకుని, ఆ కాగితం వారం ముందే తర్జుమా చేసేవాళ్లకి పంపండి. మన చర్చి మాటలు అక్కడ అలాగే దిగవు. పాపానికి వాళ్లు వాడే 'త్సుమి' అన్న మాటకి నేరం అనే అర్థం కూడా ఉంది. నేను ఘోర పాపిని అని మా బ్రదర్ ఒకాయన మొదలుపెట్టగానే ముందు వరసలో ఒక పెద్దావిడ బ్యాగు దగ్గరికి లాక్కుంది. మేం నవ్వుకున్నాం గానీ ఆవిడ తప్పు లేదు. దేవుడికి వాడే 'కమి' కూడా వాళ్లకి వేలమంది దేవుళ్లని గుర్తు చేసే మాటే. ఏ పాపం, ఎవరిని బాధపెట్టాను, ఏం మారింది అని మామూలు మాటల్లో చెప్పండి.

ఇక సూట్‌కేసు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి డబ్బాలు అన్నీ బయటికి తీయండి. మాంసం కలిసినది ఏదైనా దేశంలోకి రానివ్వరు, దాచి దొరికితే జరిమానా, జైలు శిక్ష దాకా ఉంది. పచ్చి కరివేపాకు, పళ్లు కూడా వద్దు. ఆవకాయ, కందిపొడి తీసుకెళ్లండి, అక్కడ అన్నంలో ఉప్పు కూడా ఉండదు. మాంసం, చేపలు ముట్టనివాళ్లు ముందే చెప్పండి, కూరల్లో, సూపుల్లో చేపల రసం ఉంటుంది, చూస్తే తెలియదు. మందుల్లో కోడీన్ ఒక శాతం దాటిన దగ్గు మందులు, సూడోఎఫెడ్రిన్ పది శాతం దాటిన జలుబు మాత్రలు నిషేధం. డాక్టర్ రాసిన మందులు నెలకి మించి తీసుకెళ్లాలంటే ముందే అనుమతి పత్రం తెప్పించుకోవాలి. మన ప్లగ్గులు పట్టవు, రెండు చదునైన పిన్నులవి కొనుక్కోండి. సాక్సులు చిరుగు లేనివి పెట్టుకోండి, ప్రతి గుమ్మం దగ్గరా చెప్పులు విప్పాల్సిందే.

వీసా ఫారంలో వెళ్లే పని దాచకండి. స్వల్పకాల వీసా మీద జీతం వచ్చే పని చేయకూడదు, కాబట్టి ప్రసంగానికి డబ్బు పెట్టిన కవర్ ఇస్తే తీసుకోవచ్చా అని పిలిచిన సంఘాన్ని ముందే అడిగి తెలుసుకోండి.

ఎండ విషయంలో మనకి అలవాటేలే అనుకోవద్దు, ఆ ఉక్క విజయవాడ మే నెలకి తీసిపోదు, పైగా రోజంతా స్టేషన్ల మెట్లు ఎక్కి దిగాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో తుఫాను వస్తే రైళ్లు ఆపేస్తారు, తిరుగు ప్రయాణానికి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. భూకంపం హెచ్చరిక వస్తే ఫోన్లన్నీ ఒక్కసారి మోగుతాయి, బయటికి పరిగెత్తకుండా బల్ల కిందకి వెళ్లి తల కాపాడుకోండి. అంబులెన్స్‌కి 119, పోలీసులకి 110. ఇన్సూరెన్స్ లేకుండా ఎవరినీ ఎక్కించకండి.

చివరికి మిగిలేది వచ్చాక రాసుకునే రిపోర్టు. ప్రార్థన కావాలంటే చేతులెత్తండి అని మీరు అడిగితే, పిలిచిన అతిథిని చిన్నబుచ్చకూడదని కొందరు ఎత్తుతారు. ఆలోచిస్తాం అంటే చాలాసార్లు వద్దని అర్థం. ఆ చేతులు లెక్కపెట్టి 'ఇంతమంది రక్షణ పొందారు' అని ఫొటోలతో ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ముప్పై మంది వచ్చే సంఘం అది, ఎవరి మొహం ఎవరిదో ఊరంతటికీ తెలుసు, ఇంట్లో చెప్పకుండా వచ్చినవాళ్లు కూడా ఉంటారు. దానికి బదులు వారం లోపల పాస్టర్ గారికి, మీకు అన్నం పెట్టిన ప్రతి ఇంటికీ చేత్తో రాసిన ఉత్తరం పోస్టులో పంపండి. పాస్టర్ గారి స్వీట్ డబ్బాలు అందుకున్న ఆ ఆరు ఇళ్లకి కూడా మేం రాశాం, పంచిపెట్టింది మళ్లీ పాస్టర్ గారే.